జెనెసిస్ మూడు పెట్టెలు: గొంతు మారిన చోటే యుగం మారిందా?

ఇంగ్లండుకు చెందిన ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, చిక్కని నిర్మాణాలతో సాగే రాక్ సంగీతం) బృందం జెనెసిస్ 1970 నుంచి 1997 వరకు స్టూడియోలో చేసిన పద్నాలుగు ఆల్బములను మూల టేపుల నుంచి మళ్ళీ కొత్తగా మిక్స్ చేయించి, మూడు పెట్టెలలో సర్ది, 2007, 2008 సంవత్సరాలలో విడుదల చేశారు. మొదటి పెట్టె మీద 1970–1975 అనీ, రెండోదాని మీద 1976–1982 అనీ, మూడోదాని మీద 1983–1998 అనీ ఉంటుంది. ప్రతి ఆల్బముకూ పాటల డిస్కు ఒకటి, అయిదు స్పీకర్ల శబ్దమూ సభ్యుల ముఖాముఖీలూ ఉన్న డి.వి.డి. ఒకటి వస్తాయి. కొత్తవి దొరకడం కష్టమై వాడినవే కొనుక్కున్నాను. మూడూ చేతికి రావడానికి ఏడాది పైగా పట్టింది. చెన్నైలో, కీల్పాక్‌లోని మా మావయ్య ఇంటి హాలులో, వరుసగా ఎనిమిది ఆదివారాలు కూర్చుని పద్నాలుగు ఆల్బములనూ మొదటి నుంచి చివరి వరకు విన్న తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ బృందాన్ని ప్రేమించేవారు నలుగురు కలిస్తే చర్చ ఎక్కడికి వెళుతుందో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. 1967లో చార్టర్‌హౌస్ పాఠశాలలో బృందం మొదలైన నాటి నుంచి 1975 వరకు పీటర్ గేబ్రియల్ పాడాడు. అతను వెళ్ళిపోయాక, 1970 నుంచి డ్రమ్స్ వాయిస్తున్న ఫిల్ కాలిన్స్ 1996 వరకు పాడాడు. ఆ తరువాత రే విల్సన్ 1997లో ఒకే ఒక్క ఆల్బము పాడాడు. ఇది గొంతుల లెక్క. అభిమానులలో ఎక్కువ మంది యుగాలను కూడా ఈ లెక్కతోనే విడదీస్తారు, ఈ పెట్టెల తయారీదారులు మొదటి గీతను సరిగ్గా అక్కడే గీశారు. నా అభిప్రాయంలో ఆ గీత తప్పు చోట పడింది. చిత్రమేమంటే, పెట్టెల లోపలి సంగీతమే, ముఖ్యంగా ఈ కొత్త మిక్సులే, పెట్టెల మీది అంకెలు చెప్పేది నిజం కాదని నిరూపిస్తున్నాయి.

మా మావయ్య 1973లో చదువు కోసం నెల్లూరు నుంచి మద్రాసు వచ్చినవారు. 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్‌లో పాత రికార్డుల మధ్య ‘ఫాక్స్‌ట్రాట్’ ఆయన కంట పడింది. గేబ్రియల్ పాడిన చివరి ఆల్బము ‘ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ తరువాత వచ్చినదేదీ ఆయన కొనలేదు, విననూ లేదు. మా బావ గుంటూరులో కాలేజీ చదువు నాటి ‘ఇన్విజిబుల్ టచ్’ కేసెట్టుతో ఈ బృందంలోకి వచ్చినవాడు; గేబ్రియల్ నాటి పాటలు అతనికి పెద్దల గదిలోని సామాను లాంటివి. మా మావయ్య కూతురు, అంటే నా మరదలు, ఈ ఇద్దరి మధ్యా రే విల్సన్ పక్షాన నిలబడే ఏకైక వ్యక్తి. మొదటి ఆదివారమే మావయ్య తన తీర్పు చెప్పేశారు: “ఘంటసాల పోయాక పాటలు రాలేదా అంటే వచ్చాయి. కానీ ఆ పాటలు వేరు.”

ఆ పోలిక ఊరికే వచ్చినది కాదు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల కన్నుమూసినప్పుడు మద్రాసులోని తెలుగు ఇళ్ళలో రామారావుకూ నాగేశ్వరరావుకూ ఇక ఎవరు పాడతారన్న ప్రశ్న ఎంత బరువుగా ఉండేదో ఆయన విద్యార్థిగా చూశారు. మరుసటి ఏడాదే గేబ్రియల్ బృందాన్ని విడిచిపెట్టాడు. ఆయన మనసులో ఆ రెండు నష్టాలూ ఒకే తలుపు గుండా లోపలికి వచ్చాయి. అయితే బాలసుబ్రహ్మణ్యం నటుడి మాటతీరును గొంతులోకి తెచ్చుకుని పాడి ఆ లోటును ఎలా పూడ్చారో కూడా ఆయనకే బాగా తెలుసు, కాబట్టి ఆ పోలిక ఆయన అనుకున్న వైపుకే నిలబడుతుందని నేను ఒప్పుకోలేదు.

ముందుగా మొదటి పెట్టె గురించి చెప్పాలి, ఎందుకంటే మూడింటిలో చివరగా, 2008లో, వచ్చినది ఇదే, మిక్సులో ఎక్కువ శ్రమ కనిపించేదీ ఇదే. నిక్ డేవిస్ 1991 నాటి ‘వుయ్ కాంట్ డాన్స్’ నుంచి బృందంతో పనిచేసిన మనిషి. పద్నాలుగు ఆల్బములనూ అతనే మిక్స్ చేశాడు. పాత ‘ఫాక్స్‌ట్రాట్’ రికార్డులో అన్నీ ఒక దుప్పటి కింద మోగుతున్నట్టు ఉండేవి. ఇక్కడ ఆ దుప్పటి తీసేశారు. ‘గెట్ ఎమ్ అవుట్ బై ఫ్రైడే’లో అద్దెకున్నవారిని ఖాళీ చేయించే దళారి, ఇల్లు పోగొట్టుకునే ఆడమనిషి, కంపెనీ యజమాని, ముగ్గురి గొంతులనూ గేబ్రియల్ ఒక్కడే పలుకుతాడు. ఆ గొంతులో పాత్ర మారినప్పుడల్లా శ్వాస ఎలా మారుతుందో ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. అతనిది కచేరీ గాయకుడి విద్య కాదు, హరిదాసు విద్య. ఒక్క కాలి గజ్జె, ఒక్క కండువా మార్పుతో రాజునూ రాక్షసుడినీ నిలబెట్టే మన హరికథకుడికి తెలిసిన పని అది. 1972లో డబ్లిన్ వేదిక మీద భార్య ఎర్ర గౌనూ నక్క తలా వేసుకుని అతను బయటికి వచ్చినప్పుడు తోటి వాద్యకారులకే ముందుగా తెలియదట. ఆ వేషాల వెనక గొంతు ఎంత సిద్ధంగా ఉండేదో ఈ డిస్కులలో వినవచ్చు.

కానీ అదే మిక్సు, అదే స్పష్టతతో, మరొకటి కూడా బయటపెడుతుంది. గేబ్రియల్ గొంతు వెనక దాదాపు ప్రతి చోటా కాలిన్స్ గొంతు ఉంది. ‘నర్సరీ క్రైమ్’లోని ‘హెరాల్డ్ ద బ్యారెల్’లో ఇద్దరూ పక్కపక్కనే పాడుతున్నారు. అదే ఆల్బములో ‘ఫర్ ఆబ్సెంట్ ఫ్రెండ్స్’ అనే రెండు నిమిషాలలోపు పాటను 1971లోనే కాలిన్స్ ఒంటరిగా పాడాడు. 1973లో ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’లో ‘మోర్ ఫూల్ మీ’ పాడాడు. పాత రికార్డులో ఈ రెండో గొంతు మొదటిదానిలో కలిసిపోయి గేబ్రియల్‌దే అనిపించేది. అయిదు స్పీకర్ల మధ్య కూర్చుని వింటే రెండూ విడివిడిగా నిలుస్తాయి. యాభై ఏళ్ళుగా తాను గేబ్రియల్ అనుకుని వింటున్నదానిలో సగం కాలిన్స్ అని తెలిసినప్పుడు మావయ్య చాలాసేపు మాట్లాడలేదు.

1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’లోని ‘సప్పర్స్ రెడీ’ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఏడు భాగాలతో ఇరవై మూడు నిమిషాలు నడిచే ఈ రచన గేబ్రియల్ యుగానికి శిఖరమని అందరూ అంటారు, నేనూ అంటాను. దానిలో ఊపిరి బిగపట్టించే చోటు ఆరో భాగం. తొమ్మిది మాత్రల చక్రం మీద బాసూ డ్రమ్స్ మొండిగా ఒకే నడకను తిప్పుతూ ఉంటే, దానిమీద టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఆ లెక్కకు లొంగకుండా తన దారిన తాను వెళుతుంది. సంకీర్ణ గతికి అలవాటుపడ్డ చెవి కూడా సమం ఎక్కడ పడుతుందా అని ఎదురుచూడాల్సిందే. ఆ భాగాన్ని కట్టినవారు బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫోర్డ్, కాలిన్స్, ఈ ముగ్గురే. గేబ్రియల్ దానిమీద తరువాత గొంతు కలిపాడు. ‘సెల్లింగ్ ఇంగ్లండ్’లోని ‘ద సినిమా షో’ రెండో సగం, ఏడు మాత్రలలో సాగే ఆ పొడవైన కీబోర్డు ప్రయాణం, అదీ ఈ ముగ్గురిదే. అంటే 1978లో ‘ముగ్గురే మిగిలారు’ అన్న అర్థంలో ఒక ఆల్బముకు పేరు పెట్టుకోక ముందే, 1972, 1973 నాటికే, అయిదుగురి బృందం లోపల ముగ్గురి బృందం ఒకటి పనిచేస్తూ ఉంది. ఇదే నేను ఈ పెట్టెల నుంచి నేర్చుకున్న అసలు సంగతి.

మూడో ఆదివారం ‘ద లాంబ్’ విన్నాం. ఇరవై మూడు పాటలు, తొంభై నిమిషాలకు పైగా, న్యూయార్కులో రేయెల్ అనే కుర్రవాడి కథ. మాటలు దాదాపు అన్నీ గేబ్రియల్ ఒక్కడే రాశాడు, మిగిలినవారు సంగీతం కట్టారు. ఆ పనివిభజనలోనే చీలిక కనిపిస్తుంది. ఆల్బము గొప్పదే, కానీ మూడో భాగంలో బిగువు తగ్గుతుందని నాకు ఎప్పుడూ అనిపించేది, కొత్త మిక్సు కూడా ఆ అభిప్రాయాన్ని మార్చలేదు. మావయ్యకు ఈ మాట నచ్చలేదు.

నాలుగో ఆదివారం రెండో పెట్టె తెరిచి, అట్ట చూపించకుండా, ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ మొదటి పాట పెట్టాను. 1976 ఫిబ్రవరిలో వచ్చిన ఈ ఆల్బముకు ముందు ఎందరో గాయకులను పరీక్షించి, ఎవరూ కుదరక, చివరికి ‘స్క్వాంక్’ పాటకు కాలిన్స్‌నే మైకు ముందు నిలబెట్టారు. ‘డాన్స్ ఆన్ ఎ వోల్కేనో’ మొదలైన అర నిమిషానికే మావయ్య చెయ్యి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. “మిశ్రచాపు కదరా ఇది!” అన్నారు, ఆ ఏడు మాత్రల నడకను గుర్తుపట్టి. ఆ తరువాత ఒక్క మాటా లేదు. ‘ఎన్‌టాంగిల్డ్’లో పన్నెండు తీగల గిటార్లు, ‘మ్యాడ్ మ్యాన్ మూన్’లో పియానో, ‘రిపుల్స్’ మధ్యలో బృందపు గిటారిస్టు స్టీవ్ హ్యాకెట్ సన్నగా సాగదీసిన ఆ స్వరం విన్నాక, ఇది ‘సెల్లింగ్ ఇంగ్లండ్’కు ‘ద లాంబ్’ కంటే దగ్గరి చుట్టమని ఆ గదిలో ఎవరూ కాదనలేకపోయారు. గాయకుడు మారాడు, ఇల్లు మారలేదు. ఆల్బము చివర ‘లాస్ ఎండోస్’ సన్నగిల్లిపోతున్నప్పుడు కాలిన్స్ ‘సప్పర్స్ రెడీ’ చివరి భాగంలోని పలుకును మెల్లగా పాడతాడు. వెళ్ళిపోయిన మిత్రుడికి వీడ్కోలుగా ఉంచిన ఆ పలుకు పాత రికార్డులో వెతికితే గాని దొరికేది కాదు. ఇక్కడ వెతకకుండానే చేరుతుంది. ఈ ఒక్క క్షణం కోసం నేను ఆ పెట్టెకు పెట్టిన డబ్బు మొత్తం సమంజసమే అనుకుంటున్నాను.

ఇలా అన్నంత మాత్రాన గేబ్రియల్ వెళ్ళడం వల్ల ఏమీ పోలేదని కాదు. వేణువు పోయింది. ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’లో గిటారు ఎత్తుకునే ఆ మహత్తరమైన వరసను మొదట గేబ్రియల్ వేణువు మీద పరిచయం చేస్తాడు, ఆ తడిగాలి లాంటి శబ్దం మళ్ళీ రాలేదు. ఒకే పాటలో ముగ్గురు మనుషులై మాట్లాడే పద్ధతి పోయింది. మాటలలో ఒక విధమైన అపాయకరమైన వింత ఉండేది, అది చాలావరకు పోయి, దాని స్థానంలో మృదువైన కథనం వచ్చింది. కాలిన్స్ గొంతు శ్రుతిశుద్ధిలో గేబ్రియల్ గొంతు కంటే మేలు, కానీ అది మనల్ని భయపెట్టదు. నా మొగ్గు ఎటు అని ఎవరైనా నేరుగా అడిగితే గేబ్రియల్ గొంతు వైపే అంటాను. అయినా నా ప్రశ్న ఎవరి గొంతు ఇష్టమన్నది కాదు, బృందం ఎక్కడ మారిందన్నది.

అది మారింది 1977లో, స్టీవ్ హ్యాకెట్ వెళ్ళినప్పుడు. ‘విండ్ అండ్ వుదరింగ్’ వరకు ఉన్న నేత, ఆ గిటారు ఒక మూలన నిశ్శబ్దంగా అల్లే రంగులు, ‘అండ్ దెన్ దేర్ వర్ త్రీ’లో లేవు. బాస్ వాయించే రూథర్‌ఫోర్డ్ గిటారు కూడా తానే ఎత్తుకున్నాడు. ‘ఫాక్స్‌ట్రాట్’లో ఆరు రచనలు ఉంటే ఇందులో పదకొండు పాటలు ఉన్నాయి. ‘ఫాలో యూ ఫాలో మీ’ బ్రిటన్‌లో మొదటి పది స్థానాలలోకి వెళ్ళిన వారి తొలి పాట అయింది. తరువాత 1980లో ‘డ్యూక్’, 1981లో ‘అబకాబ్’. ఈ రెండోది నిజంగా వేరే ఊరు. కాబట్టి అసలు సరిహద్దు రెండో పెట్టె నడిమధ్యలో ఉంది. ఆ పెట్టెలో మొదటి రెండు ఆల్బములు మొదటి పెట్టెలోకి చేరవలసినవి.

‘అబకాబ్’ వినిపించిన రోజున డ్రమ్స్ శబ్దం వినగానే మావయ్య మొహం చిట్లించి, “ఈ డబడబలు గేబ్రియల్ ఉంటే రానిచ్చేవాడా!” అన్నారు. బావ అంతవరకు దాచుకున్న మాటను అప్పుడు బయటికి తీశాడు: “మావయ్యగారూ, ఈ శబ్దం పుట్టింది గేబ్రియల్ ఆల్బములోనేనండి.” అది నిజం. 1980లో గేబ్రియల్ తన మూడో సొంత ఆల్బము చేస్తూ తాళపు చిప్పలు వాడవద్దని నియమం పెట్టి, డ్రమ్స్ వాయించడానికి పిలిచినది కాలిన్స్‌నే. ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్‌తో కలిసి వారు పట్టుకున్న, మధ్యలో తెగిపోయే ఆ పెద్ద డ్రమ్ము మోత ‘ఇన్‌ట్రూడర్’ పాటలో మొదట వినిపించింది. ఆ ప్యాడ్‌గమే మరుసటి ఏడాది ‘అబకాబ్’కు ఇంజనీరు. 1986 జులైలో అమెరికాలో జెనెసిస్‌కు దక్కిన ఒకే ఒక్క మొదటి స్థానం ‘ఇన్విజిబుల్ టచ్’ది కాగా, దాన్ని అక్కడి నుంచి దించినది గేబ్రియల్ పాడిన ‘స్లెడ్జ్‌హామర్’. ఎవరు కళను విడిచి ఎవరు బజారుకు వెళ్ళారన్న తగవులో ఈ రెండు సంగతులూ తెలియకుండా మాట్లాడడం న్యాయం కాదు.

మూడో పెట్టె గురించి తక్కువ చెబుతాను. 1983 ఆల్బములోని ‘మామా’, ‘హోమ్ బై ద సీ’ జంట, 1986 నాటి ‘డామినో’, 1991 నాటి ‘ఫేడింగ్ లైట్స్’ వింటే, చిన్న పాటల మధ్య కూడా పెద్ద నిర్మాణాల మీద మక్కువ వారికి తగ్గలేదని తెలుస్తుంది. మిగిలిన పాటలలో కొన్నింటిని ఒకసారి వింటే చాలు. ఇక 1997 నాటి ‘కాలింగ్ ఆల్ స్టేషన్స్’ విషయంలో నా మరదలు చెప్పినదే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. స్కాట్లండు వాడైన విల్సన్‌ది బరువైన, కొంచెం బొంగురు కలిసిన గొంతు. ‘ద డివైడింగ్ లైన్’లో అది చక్కగా నప్పింది. పాటలలో ఎక్కువ భాగం బ్యాంక్స్, రూథర్‌ఫోర్డ్ రాసినవే. విల్సన్ చెయ్యి పడినవి మూడే. ఆల్బము తేలిపోవడానికి అతని గొంతు కారణం కాదు. డ్రమ్స్ వాయించినవారు సమర్థులే, కానీ తొమ్మిది మాత్రల ఆర్గన్ కింద ఆనాడు నేల వేసిన ఆ మూడో మనిషి లేడు. 1972 నుంచి లోపల పనిచేస్తున్న ముగ్గురి బృందం మొదటిసారి విరిగినది ఇక్కడే. నా లెక్కలో రెండో యుగం ముగిసినదీ ఇక్కడే.

ఇక కొనేవారికి పనికివచ్చే మాటలు. ఈ మిక్సుల ప్రధాన లోపం శబ్దపు స్థాయి. మెల్లని భాగాలను కూడా పైకి నెట్టి, అన్నీ ఒకే ఎత్తున మోగేలా చేశారు. ‘రిపుల్స్’ వంటి పాటలో నిశ్శబ్దం నుంచి పెరిగే క్రమం పాత రికార్డులోనే బాగుంటుంది. చిన్న స్పీకర్ల మీద ఇది పెద్దగా తెలియదు, మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అరగంటకే చెవి అలసిపోతుంది. అయిదు స్పీకర్ల మిక్సులో ఈ ఇబ్బంది తక్కువ, అందుకే ఆ సౌకర్యం లేనివారికి ఈ పెట్టెలను గట్టిగా సిఫారసు చేయలేను. యూరపు ముద్రణలో పాటల డిస్కులు ఎస్.ఎ.సి.డి.లు (సి.డి. కంటే మేలైన శబ్దం ఇచ్చే డిస్కులు), అవి మామూలు సి.డి. ప్లేయరులోనూ పాడతాయి, అమెరికా ముద్రణలో అవి మామూలు సి.డి.లే. అమ్మేవాడిని ఏ ముద్రణో ముందే అడగాలి. 1969 నాటి తొలి ఆల్బము ‘ఫ్రమ్ జెనెసిస్ టు రెవిలేషన్’ ఏ పెట్టెలోనూ లేదు, కచేరీ ఆల్బములూ లేవు.

అదనపు డిస్కులు నిర్లక్ష్యం చేయదగినవి కావు. మొదటి పెట్టెలో 1970 నాటి బి.బి.సి. రికార్డింగులు ఉన్నాయి; కాలిన్స్, హ్యాకెట్ రాకముందు, ఆంథొనీ ఫిలిప్స్ గిటారు వాయిస్తున్న రోజులవి. రెండోదానిలో హ్యాకెట్ ఉండగా చేసిన చివరి స్టూడియో పాటలలో ఒకటైన ‘ఇన్‌సైడ్ అండ్ అవుట్’ ఉంది. ముఖాముఖీలలో గేబ్రియల్, హ్యాకెట్ కూడా కూర్చుని నెమ్మదిగా, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా మాట్లాడారు. అభిమానుల తగవుల కంటే ఆ మాటలు ఎంతో మర్యాదగా ఉన్నాయి.

ఒక్క పెట్టే కొనగలిగినవారు రెండోది కొనాలి, ఎందుకంటే సరిహద్దుకు రెండు వైపులా ఉన్నది అదొక్కటే. నాకు వచ్చిన రెండో పెట్టె మూల నలిగి, ‘డ్యూక్’ డి.వి.డి. మీద గీత పడి ఉంది. అమ్మినవారు వారం దాటాక తిరిగి తీసుకోలేమన్నారు, నేను ఆ డిస్కు పెట్టి చూసినది పదో రోజున. వాడిన పెట్టె కొనేవారు అది చేతికి వచ్చిన రోజే ప్రతి డిస్కునూ చివరి పాట వరకు ఆడించి చూసుకోవాలి.